తుంబుర తీర్థం నుంచి చీకటి పడేలోగా

మా అన్నయ్య నరసింహులు మొక్కులు మొక్కే మనిషి కాడు. నామం పెట్టుకుని బస్సు తోలేవాడు మా చిత్తూరు మొత్తానికి తానొక్కడే అని గొప్పలు చెప్పుకుంటాడు గానీ, ఏకాదశి ఎప్పుడో అమ్మ గుర్తు చేస్తే తప్ప ఎరగడు. అలాంటివాడు ఆ వేసవిలో ఉన్నట్టుండి కొండకు పోవాలన్నాడు. దర్శనంతో సరిపెట్టుకోడట, అడవిలో తుంబుర తీర్థం దాకా పోయి మునిగి రావాలట. అన్నాళ్ళూ పగటి బస్సు తోలిన వాడికి యజమాని వచ్చే వారం నుంచి రాత్రి సర్వీసు ఇస్తానన్నాడు. జీతం పెరుగుతుంది, కాబట్టి కృతజ్ఞతకు పోతున్నాడని మేమంతా అనుకున్నాం. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మని, అప్పుడు సెలవులు. మా పిల్లలను అమ్మ దగ్గర వదిలి నేనూ బయలుదేరాను. అమ్మ నాకొక్కటే చెప్పింది: బయట ఎవరు పెట్టినా తినొద్దు, వాడినీ తిననివ్వద్దు అని. మడి విషయంలో అమ్మతో దేవుడు కూడా వాదించలేడు.

పొద్దుటి రైలు చిత్తూరులో ఎక్కాం. యుద్ధం రోజులు కదా, పెట్టెల్లో మనుషుల కంటే మూటలే ఎక్కువ. పాకాలలో ఇంజను నీళ్ళు పట్టుకునేంతసేపు దిగి కాళ్ళు చాపుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఎదుటి బల్ల మీద పీలేరు రైతొకాయన మేమెక్కడికి పోతున్నామో కనుక్కుని, తుంబుర దాకా నడిచేవాళ్ళు ముక్కోటి నాడు తప్ప పోరని, ఇద్దరే పోవడం మంచిది కాదని చెప్పాడు. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు.

తిరుపతిలో దిగి, ఎండ తగ్గినాక అలిపిరి నుంచి మెట్లెక్కాం. మీరు పోయేట్టయితే సాయంత్రమే ఎక్కండి, పగటిపూట రాతిమెట్లు కాళ్ళను కాల్చి పెడతాయి. గాలిగోపురం దగ్గర మజ్జిగ తాగాం. మోకాళ్ళ పర్వతం దాకా వచ్చేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చీకటి కూడా పడింది. అక్కడి నుంచి అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయాను. సత్రంలో ఒక గది ఇచ్చారు. చాప పరిచిందే తడవు నిద్రపట్టింది.

మర్నాడు తెల్లవారుతూనే పెరుగన్నం మూట కట్టుకుని బయలుదేరాం. పాపవినాశనం దాకా బెంగలేదు, జనం వస్తూ పోతూ ఉంటారు. ఆ దారి పొడుగునా రాతి మీద రాయి, దాని మీద ఇంకో రాయి పేర్చి కనిపిస్తాయి. సొంత ఇల్లు కావాలని కోరుకునేవాళ్ళు అలా పేరుస్తారు. అద్దె ఇంట్లో ఉండేదాన్ని, నేనూ ఒకటి పేర్చాను. రెండు అంతస్తులు చాలవా అని అన్నయ్య ఎగతాళి చేశాడు.

పాపవినాశనంలో స్నానం చేశాక, తుంబురకు దోవ ఎట్లా అని అక్కడ పూలు కట్టే ముసలామెను అడిగాం. దోవ చీలినచోటల్లా రాయి మీద రాయి పెట్టుంటారు, అది చూసుకుంటా పొమ్మని చెప్పింది. ఆ మాట పట్టుకుని బయలుదేరాం. పోయేటప్పుడు ఇబ్బందేమీ కలగలేదు, ఎందుకంటే వాగు పక్కనే దారి, తప్పిపోదామన్నా కుదరదు. రెండు నిటారు రాతి గోడల మధ్య సన్నటి సందులో ఆ తీర్థం. నీళ్ళు చల్లగా, అద్దంలా ఉన్నాయి. అన్నయ్య మునిగాడు, లేచాడు, మళ్ళీ మునిగాడు. కళ్ళు తెరిచి మునుగుతున్నాడు. పైకి లేచి దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకు కొట్టుకుంటున్నాడు. ఇంతసేపేమిటని కేకేస్తే పలకలేదు. అంత భక్తి ఎప్పుడు పుట్టిందో నాకర్థం కాలేదు.

అన్నం తిని, బండ మీద నడుం వాల్చి లేచేసరికి పొద్దు వాలింది. వాగు వెంబడి వస్తే చుట్టు అవుతుందని, వాగు దాటి గట్టెక్కితే దగ్గరని అన్నయ్య అన్నాడు. గట్టెక్కగానే రాయి మీద రాయి కనిపించింది. ముసలామె చెప్పిన గుర్తే కదా! దాని వెనకాల ఇంకొకటి, ఆపైన మరొకటి. ఎంత బాగా గుర్తులు పెట్టారో అని మెచ్చుకుంటూ నడిచాం. దారి సన్నబడింది, ముళ్ళకంప చీర లాగుతోంది, అయినా రాళ్ళు కనిపిస్తున్నాయి కాబట్టి ధీమాగానే ఉన్నాం.

అలా నడిచి నడిచి ఒక పెద్ద చదును బండ మీదికి వచ్చాం. బండ నిండా పేర్చిన రాళ్ళే. ఒకటి కాదు, పది కాదు, ఊరికి ఊరు. కొన్ని మూడంతస్తులు, ఒకదానికి ప్రహరీ కూడా కట్టారు. బండ అవతల లోయ. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు వెలగలేదు. ఇవి దారి గుర్తులు కావు, ఇళ్ళు కోరుకున్నవాళ్ళ రాళ్ళు. ముక్కోటికి వచ్చినవాళ్ళు ఈ బండ మీద విశ్రాంతి తీసుకుంటూ, పలక రాళ్ళ కోసం అటూ ఇటూ వెతుక్కుంటూ తలొకటి పేర్చి పోయారు. ఎవరో ఇల్లు కావాలని మొక్కుకుంటే మేము వాళ్ళ గడపలు లెక్కపెట్టుకుంటూ అడవిలోకి వచ్చేశాం. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ అన్నయ్య వైపు తిరిగాను.

అన్నయ్య నవ్వడం లేదు. పడమటి కొండ వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. సూర్యుడు కొండ వెనక్కి దిగాడు గానీ ఇంకా బాగానే వెలుతురుంది, నాకు చెట్ల ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. దాహంగా ఉందంటే చెంబు అందించాను. చెంబు ఇక్కడుంటే అన్నయ్య చెయ్యి జానెడు అవతల గాలిలో తడుముకుంది.

"అన్నా, ఎన్ని వేళ్ళు చూపిస్తా ఉండాను?" అని అడిగాను.

 అన్నయ్య బండ మీద కూలబడి, "నువ్వు యాడ నిలబడుండావో గూడా తెలీడం లేదు వేదా," అన్నాడు.

రేచీకటి. ఏడాదిగా ఉందట. పగలు అంతా మామూలే, పొద్దు గూకితే ముందు తెరలాగా, తర్వాత ఏమీ ఉండదు. పగటి సర్వీసు కాబట్టి ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాడు. పెద్దాసుపత్రిలో చూపించుకుంటే డాక్టరు చేపనూనె సీసా రాసిచ్చాడు, కొన్నాళ్ళు తాగితే చూపు వస్తుందన్నాడు. వైష్ణవుల ఇంట పుట్టి చేపనూనె నోట పోసుకోవడమా అని సీసా బస్సు షెడ్డులో దాచిపెట్టాడు. తుంబురలో కళ్ళు తెరిచి మునిగితే చూపు నిలుస్తుందని షెడ్డులో ఎవరో చెప్పారు. అందుకే ఈ యాత్ర. మునిగినప్పటి నుంచి ఈ సాయంత్రం కోసమే ఎదురు చూస్తున్నాడు, చీకటి పడినాక కనబడుతుందేమోనని.

"ఏమీ మారలేదు," అన్నాడు.

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. రాత్రి బస్సులో అంతమందిని కూర్చోబెట్టుకుని ఎట్లా తోలుదామనుకున్నావని నిలదీశాను.  తిట్టడానికీ సమయం లేదు. నాకు చూపున్నంతసేపటిలో జనం నడిచే దారి చేరకపోతే ఇద్దరం గుడ్డివాళ్ళమే, పైగా అది చిరుతలు తిరిగే చోటు. అన్నయ్యకు నా చీర చెంగు ఇచ్చి పట్టుకోమన్నాను. వచ్చిన వైపే తిరిగాం గానీ, ఏ రాయి చూసినా ఒకే రకంగా ఉంది.

అప్పుడు చాలా దూరం నుంచి, సన్నగా, "గోవిందా గోవింద" అని వినిపించింది. పాపవినాశనం నుంచి తిరిగిపోయే యాత్రికులు. నేను గొంతు చించుకుని మేము దోవ తప్పినామని అరిచాను. మాటలు లోయలోనే కలిసిపోయాయి, ఎవరూ పలకలేదు. నా గొంతు తరగతి గది దాటదు. అన్నయ్యది బస్టాండంతా వినిపించే గొంతు. ఆయన నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "గోవిందా!" అని ఒక్క కేక వేశాడు.

వెంటనే అవతల నుంచి, "గోవిందా!" అని పదిమంది పలికారు. ప్రాణం లేచి వచ్చింది. అన్నయ్య మళ్ళీ పిలిచాడు, మళ్ళీ పలికారు. కానీ ఎవరూ ఆగడం లేదు, గొంతులు పక్కకు జరిగిపోతున్నాయి. మేము ఆపదలో పిలుస్తున్నామని వాళ్ళకేం తెలుసు? ఇంకో భక్తబృందం అనుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి తెలిసొచ్చింది, వాళ్ళు ఆగకపోయినా పలకకుండా మాత్రం ఉండలేరు. కొండ మీద గోవిందా అంటే గోవిందా అనని మనిషి లేడు. అన్నయ్యను పిలుస్తూనే ఉండమన్నాను. బదులు వచ్చిన వైపుకు నేను దారి చూసి నడిచాను. రాయి ఉందంటే కాలెత్తాడు, పల్లమంటే కూర్చుని జారాడు. మోకాలు చెక్కుకుపోయింది. నామం మాత్రం ఆపలేదు. మొదట పిలుపులాగే ఉన్న ఆ కేక పోను పోను వేరేగా వినిపించింది. తీర్థంలో కూడా అన్నయ్య అంత మనసు పెట్టి మొక్కి ఉండడు. ఆకులు కలిసిపోయి నల్లబడుతుండగా కంప దాటి దారిలో పడ్డాం.

వాళ్ళు సత్యవేడు వైపు రైతులు, ఒక లాంతరుతో పోతున్నారు. ముందున్న పెద్దామె మమ్మల్ని చూసి నోరు నొక్కుకుంది. "ఏం భక్తి అప్పా మీది! వదలకుండా పిలస్తానే ఉండారే, బదులు చెప్పలేక మా గొంతులు పొయినాయి," అంది. సంగతి చెబితే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని, లాంతరు మా ముందు పట్టమని కొడుక్కు చెప్పింది. సత్రం దాకా మమ్మల్ని వదల్లేదు.

మర్నాడు దర్శనం చేసుకుని కొండ దిగాం. రైలు తప్పిపోయింది, బొగ్గు బస్సులో చోటు దొరికింది. పెట్రోలు కరువుకు వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచే బస్సు, ఎక్కేటప్పుడు తెల్లచీర కట్టుకోకండి. అది అన్నయ్య యజమానిదే. తోలేవాడు మునిరత్నమని అన్నయ్యకు సీనియరు, డ్రైవరు వెనక సీటిచ్చి గౌరవించాడు. వచ్చే వారం నుంచి రాత్రి బండి తాళాలు నీకేనంటూ దారంతా ఒకటే పొగడ్తలు.  చంద్రగిరిలో ఒకామె ఎక్కింది. కూర్చునే చోటు లేక, నిద్రపోతున్న బిడ్డను అన్నయ్య ఒళ్ళో పెట్టి తాను కమ్మీ పట్టుకుంది. పూతలపట్టు దాటినాక అన్నయ్య నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"లైట్లేసినాడా?"

"అప్పుడే ఏసినాడన్నా."

బిడ్డ తలను అన్నయ్య చేత్తో పొదివి పట్టుకున్నాడు. 

తుంబుర తీర్థానికి మహిమ ఉందా అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. పోవలసిన చోటే, అంత చల్లటి నీళ్ళు నేనింకెక్కడా చూడలేదు. వాగు వదలకండి, పొద్దున్నే తిరిగి రండి. అంతకంటే నాకు తెలియదు.

చిత్తూరు బస్టాండులో అందరూ దిగుతున్నారు. అన్నయ్య బిడ్డను తల్లికి ఇచ్చి, ఫుట్‌బోర్డు మీద నిలబడి కాలు కిందికి పెట్టలేక ఆగాడు. నేను చెయ్యి అందించబోతే, పక్క షెడ్డులో ఉన్న నలుగురు డ్రైవర్లకూ వినిపించేట్టు గట్టిగా అన్నాడు. "మునిరత్నమన్నా, నేల ఎంత దూరముండాదో నాకు కనపడదు. పొద్దు గూకితే నాకేమీ కనపడదు. రాత్రి బండి నాకొద్దు. యజమానికి రేపు నేనే చెప్తా."

 మునిరత్నం బస్సు చుట్టూ తిరిగి వచ్చి, అన్నయ్యను నడుం పట్టుకుని దించాడు.

ఇంటికి నడుస్తూ అన్నయ్య షెడ్డులోంచి తెచ్చుకున్న చేపనూనె సీసా నా సంచిలో వేశాడు. సందు మలుపు తిరిగాక అన్నాడు. "నేను ఇది తాగేటప్పుడు నువ్వు అమ్మను పెరట్లోకి పిలుచుకోని పో. వాసనకు నేను కక్కుకునేది ఆమెకు ఇనపడకూడదు."