నాన్న సంతకం చెల్లని కాలేజీ

నేను రాసిన నాలుగు ఉత్తరాల్లో ఒక్కదానికీ ఇప్పటిదాకా జవాబు రాలేదు. నాలుగింటి మీదా "అందింది" అని కాలేజీ ముద్ర వేయించుకున్నాను. ఆ ప్రతులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ముద్ర వేయడానికి వచ్చిన చెయ్యి జవాబు రాయడానికి రాలేదు. ఇది రెండో ఏడు. అందుకే జరిగింది మొదటి నుంచీ రాస్తున్నాను.

మాది విశాఖ రేవు నుంచి చేపల వేటకు వెళ్లే కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. డిగ్రీలో చేరిన వారానికి నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన పేద విద్యార్థులకు చేయూత పథకమట. పొద్దున్నే ఇంగ్లీషు, లెక్కలు విడిగా చెబుతారు, పుస్తకాలిస్తారు, సందేహాలు అడగడానికి ఒక లెక్చరర్‌ను చూపిస్తారు. నేను తెలుగు మీడియం నుంచి వచ్చి, ఒక్క పాఠమూ ఎక్కక వెనక బెంచీలో తల వంచుకు కూర్చుంటున్న రోజులవి. ఆ పథకంలో చోటు దొరక్కపోతే నా చదువు సాగదని నాకు తెలుసు.

దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. నాన్న బడి మొహం చూడలేదు, కానీ సంతకం చేస్తాడు. ఏళ్ల తరబడి వల తాళ్లు లాగీ లాగీ ఆయన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషన్ ఆయన వేలిని గుర్తుపట్టేది కాదు. తుడిచి నొక్కి, మళ్లీ తుడిచి నొక్కి, లైన్లో వెనకవాళ్లు విసుక్కుంటుంటే చివరికి అమ్మకు కబురు పెట్టేవారు. అది భరించలేక ఒక వేసవి, వేట నిషేధం రోజుల్లో, పడవలకు రంగులేసి నంబర్లు రాసే ఆయన దగ్గర కూర్చుని తన పేరు నేర్చుకున్నాడు. పడవ చెక్క మీద, బ్రష్షుతో. ఇప్పటికీ పెన్నును బ్రష్షులాగే నిలువుగా పట్టుకుని, ఒక్కో అక్షరం కింద నుంచి పైకి గీస్తాడు. రెండు నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఇంట్లో ఎవరం మాట్లాడం.

మొదటి జాబితాలో నా పేరు లేదు. నాన్నను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా నా దరఖాస్తు తీసి సంతకం మీద వేలు పెట్టాడు.

"ఏటి బాబూ, తండ్రి సదువుకోలేదని రాసేవు. ఇక్కడ సంతకం ఉంది. ఎవులు పెట్టేరు, నువ్వేనా?"

"నానే పెట్టేను బాబూ," అన్నాడు నాన్న. "కాగితం ఇయ్యండి, మీ ఎదరే పెడతాను."

"అయితే సదువుకున్నోడివే కదా!"

"పడవ మీద నేర్సుకున్నాను బాబూ."

"పడవయితేటి, ఓడయితేటి? రేపు ఆడిట్‌వోళ్లొస్తే నా మెడకి సుట్టుకుంటాది."

పక్క బల్ల ఆయన తొంగిచూసి నవ్వాడు. "కలెక్టరు గారి సంతకంలాగుంది గురూ!"

నేను నోటీసు కాగితం ముందు పెట్టాను. ఇంట్లో ఎవరూ కాలేజీ చదివి ఉండకూడదని ఉంది తప్ప సంతకం రాకూడదని ఎక్కడా లేదు. "చదివి చూడండి సార్" అన్నాను.

"నాకు సదువు సెప్తావేటి? కొత్త ఫారం మీద ఏలిముద్ర ఏయించు, రెండో జాబితాలో ఏస్తాను. లేదంటే మానెయ్."

పథకం కోఆర్డినేటర్ తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నారు. "ఫార్మాలిటీయే కదా, వేయించెయ్" అన్నారు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

కొత్త ఫారం చింపబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "ఒరే, ఏలరా గొడవ? నీ సదువు కావాలా, నా సంతకం కావాలా?"

తనే బొటనవేలు స్టాంప్ ప్యాడ్‌లో అద్ది నొక్కాడు. కాగితం మీద నల్లటి మచ్చ పడింది. అందులో ఒక్క గీత లేదు. ఆ మచ్చ ఎవరిదైనా కావచ్చు. నాన్న తప్ప ఇంకెవరూ గీయలేని సంతకం చెల్లలేదు, ఆ మచ్చ చెల్లింది. రెండో జాబితాలో నా పేరు వచ్చింది. నాన్న సంతకం ఎందుకు చెల్లదో చెప్పమని కోఆర్డినేటర్‌కు ఉత్తరాలు రాయడం అప్పుడే మొదలుపెట్టాను.

క్లాసులు మంచివే, అబద్ధమాడను. లెక్కల మేడమ్ వల్లే మొదటి ఏడు గట్టెక్కాను. "సీటొచ్చీసింది కదా బావా, ఇంకేటి?" అంటాడు నా స్నేహితుడు. నేనూ కొన్నాళ్లు ఉత్తరాలు ఆపాను, మొన్న తల్లిదండ్రుల సమావేశం జరిగేదాకా.

ఆ రోజు నాన్న వేట మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర హాజరు పుస్తకం, పెన్ను, స్టాంప్ ప్యాడ్ ఉన్నాయి. అక్కడ కూర్చున్న జూనియర్ అమ్మాయి మర్యాదగా పెన్నే అందించింది. నాన్న పెన్ను వైపు చూశాడు, ఆఫీసు గది వైపు చూశాడు, బొటనవేలు చాచాడు.

"వద్దమ్మా. నాను సంతకం పెడితే మా గుంటడి సీటుకి ఇబ్బంది."

కోఆర్డినేటర్ గారూ, ఇది నా అయిదో ఉత్తరం అనుకోండి. నా ఫైలులోంచి ఆ మచ్చ తీసేసి, నాన్న సంతకం ఉన్న మొదటి దరఖాస్తు పెట్టండి. అది పారేశామంటే చెప్పండి, ఆయన్ను తీసుకొస్తాను. మీ ఎదుటే మళ్లీ పెడతాడు. మీరు రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి ఆగాలి, అంతే. కుదరదంటారా, ఏ నియమం ప్రకారం కుదరదో కాగితం మీద రాసి, కింద మీ సంతకం పెట్టి ఇవ్వండి.