మూరెడు అంచు

ఆ కార్ల షెడ్డులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. తలుపుకీ బాడీకీ మధ్య సందు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడు కాబట్టి ‘వెంట్రుకవాసి’ అన్నారు. అంత పేరు పలకడానికి బద్ధకించి ‘వాసి’ చేశారు. వయసు యాభై రెండు. ముప్పై ఏళ్లుగా కార్ల సొట్టలు తీస్తున్నాడు. ఆ పని నేర్పింది సొంత మేనమామే. మామయ్య డెబ్బైకి దగ్గరపడ్డా రోజూ అందరికంటే ముందే షెడ్డుకి వచ్చేవాడు. అందరికీ ఆయన పెద్దమేస్త్రి. మేనల్లుణ్ణి మాత్రం నలుగురిలో ఉన్నా “ఒరేయ్” అనే పిలిచేవాడు.

“ఒరేయ్, రేకు మీద కోపం చూపించకు. అది నీకంటే మొండిది.”

ఒకసారి ఒక పళ్ల డాక్టరు తన స్పోర్ట్స్ కారు తెచ్చాడు. సెలవు రోజుల్లో ట్రాక్ మీద పందేలకు వెళ్తాడట. కారుకున్న ఇనుప రూఫ్ తీసేసి కార్బన్ ఫైబర్‌ది వేయమన్నాడు. పైన బరువు తగ్గితే మలుపుల్లో కారు తూలదని విడమరిచి చెప్పాడు కూడా. పెట్టెలోంచి తీసిన ఆ నల్లటి రూఫ్‌ని మామయ్య ఒంటిచేత్తో ఎత్తి, “ఇది రూఫా, విసనకర్రా?” అన్నాడు. షెడ్డంతా నవ్వింది.

పని వారం పట్టింది. అద్దాలు దించారు, లోపలి గుడ్డ విప్పారు, పాత రూఫ్‌ని పట్టి ఉంచిన వెల్డింగ్ చుక్కల్ని ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలిచారు. కొత్తదానికి వెల్డింగ్ కుదరదు, జిగురుతోనే అతికించాలి. జిగురు పట్టాలంటే రెండు వైపులా నునుపు పోవాలి. కారు అంచులు వాసి చూసుకున్నాడు. రూఫ్ అడుగు వైపు మామయ్య తీసుకుని, మెరుపు చచ్చి బూడిదరంగు తేలేదాకా ఎమరీ పేపర్‌తో చుట్టూ రుద్దుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎడమవైపు వెనక మూల దగ్గర మూరెడు అంచు మిగిలింది.

“నువ్వెళ్లి తిను మావయ్యా, షుగరు మనిషివి. ఆ ఎడమ మూల నేను చూసుకుంటా.”

“మర్చిపోకు. గాలి ముందు వేలు పెట్టేది మూలలోనే,” అని మామయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

అంతలో షెడ్డు యజమానురాలు వేరే కారు దగ్గరికి పిలిచింది. వాసి అక్కడ అరగంట ఉండి వచ్చి, మూల సంగతి మర్చిపోయి, జిగురు కలిపేశాడు. అది కలిపాక నలభై నిమిషాల్లో బిగుసుకుపోతుంది. కారు అంచు చుట్టూ జిగురు పెట్టడం అయింది. మామయ్య ఇంకా భోజనం నుంచి రాలేదు. ఇద్దరు పనివాళ్లు రూఫ్‌ని ఎత్తి కారు మీదికి తెస్తుండగా మూల దగ్గర తళుక్కుమంది.

చూశాడు. ఆపమనవచ్చు. ఆపితే పెట్టిన జిగురంతా గీకి పారేయాలి, మళ్లీ మొదటికి రావాలి. ‘చుట్టూ అంతా పట్టుకుని ఉంటుంది, మూరెడు పట్టకపోతే ఏమైంది?’ అనుకున్నాడు. “దించండి,” అన్నాడు.

మూడు వారాలకి డాక్టరు తిరిగొచ్చాడు. జోరు పెంచితే ఈల వినిపిస్తోందన్నాడు. నిన్నటి నుంచి మూల లేచి టపటపా కొట్టుకుంటోందట. అందరూ చుట్టూ చేరారు. యజమానురాలు మూలని కొంచెం ఎత్తి లైటు వేసింది. జిగురు రబ్బరు పట్టీలా ఊడి కారు వైపే ఉండిపోయింది. రూఫ్ అడుగున ఆ మేర అద్దంలా మెరుస్తోంది.

“పంటిని గరుకు చెయ్యకుండా తొడుగు అతికిస్తే మా దగ్గరా ఇంతే,” అన్నాడు డాక్టరు. “ఊడొచ్చి, పేషెంటు మింగేస్తాడు.” ఎవరో నవ్వారు. డాక్టరు కూడా నవ్వాడు.

“అడుగు వైపు ఎవరు చేశారు?” అంది యజమానురాలు.

“నేనేనమ్మా,” అన్నాడు మామయ్య. తర్వాత మేనల్లుడి వైపు తిరిగి, “ఒరేయ్, ఎడమ మూల నీకు వదిలాను కదరా?” అన్నాడు.

అందరి కళ్లూ వాసి మీదికి తిరిగాయి. వెంట్రుకవాసి ఒప్పుకోనివాడని పేరున్న మనిషి మూరెడు వదిలేశాడని తేలిపోతుంది.

“కుడి మూల మావయ్యా,” అన్నాడు. “నువ్వు వదిలింది కుడి మూల. అది నేను చేశాను.”

గొంతు వణకలేదు. తడబడలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టయ్యేది అందుకే. అబద్ధం అంత నున్నగా వచ్చింది.

“కుడి మూలా?” అన్నాడు మామయ్య. మేనల్లుడి మొహంలోకి కాసేపు చూశాడు. అక్కడ ఆయనకి అనుమానించాల్సినదేమీ కనపడలేదు. “అయితే నేనే అయ్యుంటాను. ఎడమ అనే గుర్తుంది నాకు.”

యజమానురాలు కోప్పడలేదు. కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోమని మెల్లగా చెప్పింది. మామయ్య ఏప్రాన్ విప్పి నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి వెళ్లిపోయాడు.

వాసి మామయ్య ఇంటివైపు వెళ్లడం మానేశాడు. షెడ్డులో ఎవరైనా “పెద్దమేస్త్రి ఎలా ఉన్నారు?” అని అడిగితే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. ఇరవై రోజులయ్యాక భార్య చూడ్డానికి వెళ్లొచ్చి, “మామయ్యగారు ఇంటినిండా టేపు ముక్కలు అంటిస్తున్నారండీ. ఒకసారి వెళ్లండి,” అంది.

ఆదివారం పొద్దున వెళ్లాడు. తలుపు తీయగానే కనిపించింది. రంగులు వేసేటప్పుడు అంచులకి అంటించే టేపు, దాని మీద మామయ్య చేతిరాత. స్టౌ దగ్గర ‘కట్టేశావా?’ తలుపు మీద ‘తాళం ఎడమ జేబులో’. మందుల డబ్బా మీద వారాల పేర్లు. అత్తయ్య వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. “బండి తాళాలు నా చేతికిచ్చేశారు. మతిమరుపు డాక్టరు దగ్గరికి వెళ్దామని తనే అడుగుతున్నారు. నిక్షేపంలా ఉన్న మనిషి, ఏమైందో తెలీడం లేదురా.”

అతను ముందు గదిలోకి వెళ్లి, కూర్చోకుండానే చెప్పేశాడు. “మావయ్యా, నువ్వు వదిలింది ఎడమ మూలే. నేను రుద్దలేదు. దించేటప్పుడు చూశాను కూడా. అందరి ముందు అబద్ధం చెప్పాను.”

మామయ్య కుర్చీలో ముందుకి వంగాడు.

“ఎడమే కదూ?”

“ఎడమే.”

“షుగరు మనిషివి, వెళ్లి తిను అన్నావు.”

“అన్నాను.”

“అంటే నాకు మతి పోలేదు.” ఆయన ఊపిరి వదిలాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఆయన మొహం మారింది. “పనిలో తప్పు ఎవడైనా చేస్తాడు. నేనూ ఒకప్పుడు ఒకాయన కారుకి ఎడమ తలుపు కుడికి బిగించబోయి గంటసేపు కుస్తీ పట్టాను. కానీ ఇరవై రోజులుగా పొద్దున లేవగానే మీ అత్త పేరు గుర్తుందా లేదా అని చూసుకుంటున్నాను నేను. నీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నావు.”

“మావయ్యా...”

“మీరు వెళ్లండి.”

ఎవరితో అంటున్నాడా అని వాసి వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

మర్నాడు యజమానురాలికి చెప్పాడు. ఆవిడ విని, “అబద్ధం అందరి ముందూ చెప్పావు. ఇదీ అందరి ముందే చెప్పు,” అంది. పెయింటర్ కంప్రెసర్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో, ఎవరి మొహమూ చూడకుండా, చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. కాసేపటికి కంప్రెసర్ మళ్లీ మొదలైంది. అతన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు. తీసేసి ఉంటే తేలిగ్గా ఉండేదనిపించింది. పళ్ల డాక్టరుకి కూడా అతనే ఫోన్ చేసి చెప్పాడు. “అయితే పెద్దాయనకి నేనూ క్షమాపణ చెప్పాలి, ఆ రోజు నవ్వాను,” అన్నాడు డాక్టరు.

రూఫ్ ఊడదీసి మళ్లీ అతికించాల్సి వచ్చింది. యజమానురాలు స్వయంగా వెళ్లి అడిగితే మామయ్య వచ్చాడు. అడుగు వైపంతా ఈసారి ఆయనే రుద్దాడు, మధ్యలో భోజనం తెప్పించుకుని అక్కడే తిని. ఆ తర్వాత వారానికి మూడు రోజులు షెడ్డుకి రావడం మొదలుపెట్టాడు. ఇంట్లో టేపు ముక్కలు అత్తయ్య ఒక్కొక్కటే పీకేసింది.

మేనల్లుడితో మాట్లాడేవాడు. పని మాటలే. “ఆ క్లాంపు ఇలా ఇవ్వండి.” “లైటు కొంచెం జరపండి.” కొత్తవాళ్లకి అది మర్యాదలా వినిపించేది. వాసికి మాత్రం ప్రతి ‘అండి’కీ చెవులు కాలేవి. “ఎన్నాళ్లిలా? కాళ్ల మీద పడరాదూ?” అంది భార్య. పడ్డాడు. మామయ్య లేవదీసి, “లేవండి, బట్టలు మాసిపోతాయి,” అన్నాడు.

ఏడాది గడిచింది. ఒకరోజు ఇద్దరూ ఒక కారు వెనక అద్దం దించుతున్నారు. వాసి చేతిలో అంచు జారింది.

“ఒరేయ్, పట్టుకోరా!” అని అరిచాడు మామయ్య.

పట్టుకున్నాడు. ఇద్దరూ అద్దాన్ని జాగ్రత్తగా దుప్పటి మీద పడుకోబెట్టారు. వాసి తల ఎత్తలేకపోయాడు. మామయ్య వేళ్లు తుడుచుకుని, అద్దం అంచు ఒకసారి తడిమి చూసుకుని, కొంచెం ఆగి అన్నాడు.

“ఆ గుడ్డ ఇలా ఇవ్వండి.”