ఆయనకు పనసపొట్టు కూర, నాకో ప్రశ్న

అమలాపురంలో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుని కూరలు పంచుకుంటాం.

మా ఆఫీసు మూర్తిగారికి బైపోలార్ జబ్బు. కొన్నాళ్ళు పట్టలేనంత హుషారు, కొన్నాళ్ళు మంచం దిగలేనంత దిగులు. ఆ సంగతి బయటపడ్డాక మగవాళ్ళు ఆయన పక్కన కూర్చోవడం మానేశారు. ఆడవాళ్ళు మాత్రం ముందు ఆయనకే వడ్డించేవారు.

“పనసపొట్టు కూర ఇంకాస్త వేసుకోండి. మందేసుకున్నారాండీ?” అని రమణిగారు రోజూ అడిగేవారు.

నాకు కడుపు మండిపోయేది. నాదీ అదే జబ్బు. ఎవరికీ తెలియకుండా బాత్రూములో నిలబడి మాత్ర మింగేదాన్ని. తెలిస్తే నన్నూ అలాగే చూసుకుంటారని ఆశ.

ఒకరోజు ఉండబట్టలేక మాత్రల షీటు తీసి బల్ల మీద పెట్టాను. “నాక్కూడా అదేనండీ” అన్నాను.

వడ్డించే చేతులు ఆగిపోయాయి. రమణిగారు గొంతు తగ్గించి, “మీ ఆయనకి చెప్పే చేసుకున్నారాండీ?” అన్నారు.

పెళ్ళిచూపుల్లోనే చెప్పాం. కానీ ఆ మాట అనకుండా షీటు మళ్ళీ బ్యాగులో పెట్టేయబోయాను.

మూర్తిగారే కూర గిన్నె నా వైపు జరిపారు. “ముందు తినండమ్మా. ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పేస్తది” అన్నారు.

ఇప్పుడు అందరి ముందే మాత్ర వేసుకుంటున్నాను. మూర్తిగారంటే గౌరవం పెరిగింది. అసూయ మాత్రం తగ్గలేదు. మీ ఆవిడకి చెప్పే చేసుకున్నారా అని ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.