పాలమూరు బస్సు ఎక్కని పండ్లు

వనపర్తి బస్టాండులో ఒక పొద్దున నా పక్కన కూర్చున్నామె పేరు నేను అడగలేదు. ఆమె ఒళ్లో చిన్న సంచి నిండా అరటిపండ్లు ఉన్నాయి. పాలమూరులో మిలిటరీ భర్తీ జరుగుతున్న రోజులవి. ఆమె చిన్నకొడుకు ముందురోజు పరుగులో నెగ్గాడట. ఇక తూకం మిగిలింది.

"కిలో తక్కువున్నడు. తూకానికి ముందు కడుపు నిండ పండ్లు తిని నీళ్లు తాగితే సరిపోతదంట. ఆడ దుకాణాలల్ల ఒక్క పండు లేదంట బిడ్డా, అన్ని గా భర్తీకొచ్చిన పిలగాండ్లే మింగిండ్రు. నన్ను తెమ్మన్నడు" అని నవ్వింది.

పాలమూరు బస్సు వచ్చింది. ఆమె కదల్లేదు. కొత్తవాళ్లతో మాట్లాడడం నాకు చేతకాదు. అయినా చెప్పాను.

"అమ్మా, బస్సు పోతుంది."

"పోనియ్యి. ఇది మూడోది."

కాసేపటికి తనే అంది. "పెద్దోడు గిట్లనే మిలిటరీకి పోయి బార్డర్ల సచ్చిపాయె. వీన్ని ఎవ్వరు జబర్దస్తీ చేస్తలేరు. బోరు ఎండింది, గంతే."

"నువ్వు పోకుంటే ఏమనుకుంటడమ్మా?"

"బస్సు దొర్కలేదని చెప్త."

రెండు పండ్లు తెంపి నా చేతిలో పెట్టింది. "తిను బిడ్డా. ఇంటికి తీస్కపోతే మా ఆయన అడుగుతడు."

వద్దనలేకపోయాను. సంచి ఖాళీ అయ్యేదాకా ఇద్దరం తిన్నాం. మధ్యలో నాలుగో బస్సు కూడా వెళ్లిపోయింది.

ఆ అబ్బాయి తూకంలో నిలిచాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు డైరీలో, పొద్దున అరటిపండ్లు తిన్నానని మాత్రం రాసుకున్నాను.