గంజి లేని తెరచాప

మొన్న సోమవారం పొద్దున్నే ఫోను మోగింది. పులికాట్ సరస్సు ఒడ్డు నుంచి, నాకు పడవ నేర్పిన పెద్దాయన కూతురు. ఆమెకూ ఇప్పుడు మనవళ్లున్నారు గానీ గొంతు మాత్రం పాతదే, గాలికి ఎదురుగా అరిచి అరిచి అలవాటైన గొంతు. "అయ్యోరా, మీ పడవ అడుగంతా సివికిపోయుండాది. ఈ వానలకు నిలబడదు. పగలగొట్టేస్తే పొయ్యిలోకన్నా పనికొస్తాది. మీరు ఊ అంటే సాలు" అంది. ఆ ఊ అనడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఈ వయసులో ఒక వస్తువును పోగొట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు, పోనిమ్మని మన నోటితో మనం చెప్పడమే కష్టం.

నగరిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగినవాడికి పడవెక్కడిదని మీకు అనుమానం రావచ్చు. ఉద్యోగం తెచ్చిపెట్టిన తంటా అది. బడిపంతులుగా నన్ను మొట్టమొదట వేసింది సరస్సు మధ్య దీవిలోని బడికి. తడలో బస్సు దిగి, ఒడ్డు దాకా పోయి, అక్కడి నుంచి పడవ మీద దాటాలి. నన్ను రోజూ దాటించే పెద్దాయనకు చూపు మందగించింది, మగపిల్లలు లేరు, ఒక్కగానొక్క కూతురు అప్పుడే పెళ్లయి పక్క వీధిలో కాపురం పెట్టింది. పడవ అమ్మేస్తానని ఆయనంటే నేనే తీసుకున్నాను, నడపడం ఆయనే నేర్పాలన్న షరతు మీద. అప్పటికే ఆ పడవకు నాకన్నా వయసెక్కువ.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషికి పాత పడవ ఉండి ఉండదు. ఎండలకు పలకలు ఎడమయ్యేవి, ఆ సందుల్లో నూనెలో తడిపిన పత్తి కూరి, పైన గుగ్గిలం కాచి పూయాలి. అడుగున పట్టిన గుల్లలను గీకాలి. ఒక మూల బాగు చేసుకుని నడుము ఎత్తేసరికి ఇంకో మూల నీళ్లు ఊరేవి. నా ఆదివారాలన్నీ దానికే పోయాయి, సోమవారం బళ్లో కూడా నా చేతులు గుగ్గిలం వాసన కొట్టేవి. అయినా గాలి కుదిరిన రోజున పడవను తోసే గెడ పక్కన పడేసి, తెరచాప ఎత్తి, తాడు చేతికి చుట్టుకుని కూర్చుంటే, చప్పుడు లేకుండా నీళ్ల మీద పోయే ఆ పోకలో పడిన పాట్లన్నీ మరిచిపోయేవాణ్ణి. నా బతుకులో నేను సుఖపడిన కాలం అదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

పడవతో పాటు వచ్చిన తెరచాప రెండో ఏడు నిలువునా చిరిగింది. ఆ మాట ఇంట్లో అంటే, కొత్తది తాను నేసిస్తానన్నాడు మా నాయన. నేను మగ్గం వదిలి చాక్‌పీసు పట్టుకున్నానని రెండేళ్లుగా నాతో ముభావంగా ఉన్న మనిషి, తానుగా ఆ మాట అనేసరికి నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ముతక నూలు తెచ్చి, పట్టీలు పట్టీలుగా నేసి, అమ్మ చేత వాటిని కలిపి కుట్టించాడు. అలవాటు చొప్పున ఎర్ర అంచు కూడా వేశాడు. ఇక గంజి సంగతి చెప్పనే అక్కర్లేదు. గంజి లేని గుడ్డ ఏనాడూ మా ఇంటి గడప దాటలేదు, గుడ్డ పట్టుకుంటే అట్టలా నిలబడాలి, అదీ ఆయన మర్యాద. ఎప్పుడూ పెట్టేదానికి రెట్టింపు పెట్టాడు. ముట్టుకుని చూసిన నేనూ మురిసిపోయానే గాని, అది గాలికి ఎలా వంగుతుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. నేతగాడి కొడుకు బుద్ధి నేతగాడి బుద్ధే కదా.

తీరా తెరచాప కొయ్యకు కట్టి ఎత్తితే అది గాలికి బూరెలా ఉబ్బకుండా, పటపటమని తలుపులా కొట్టుకుంది. పడవ ఉన్నచోటే ఉంది. రేవులో ఉన్న ఆడామగా అందరూ నవ్వారు. "ఇది పడవా, పెండ్లికొడుకా అయ్యోరా? గంజిపంచె కట్టుకోని నిలబడుండాది" అన్నాడు పెద్దాయన. నీటి తుంపర్లు పడ్డాక గంజి జిగురుగా మారి మడతలు ఒకదానికొకటి అంటుకున్నాయి. గంజి వదలగొట్టి, ఉప్పునీళ్లకు చివకకుండా తుమ్మచెక్క కషాయంలో ఉడకేద్దామని ఆయన ఆ రోజే చెప్పాడు. నాయన పెట్టిన గంజి వదలగొట్టడానికి నాకు చేతులు రాలేదు, తర్వాత చూద్దామని ఆయన గుడిసె అటక మీద పెట్టించాను. ఆ నెల్లోనే ఎలుకలు దాన్ని జల్లెడ చేశాయి. నేను చప్పుడు కాకుండా మద్రాసు నుంచి మందపాటి కాన్వాసు గుడ్డ తెప్పించి కట్టుకున్నాను. నాయనకు చెప్పలేదు.

చెప్పలేదు గానీ ఆయనే ఒకరోజు చెప్పాపెట్టకుండా దిగాడు, తన గుడ్డ నీళ్ల మీద పోతుంటే చూడాలని. అంతకు ముందు బావిని మించిన నీళ్లు చూడని మనిషి. ఒడ్డున నిలబడి సరస్సును కాదు, కొయ్యకున్న గుడ్డనే చూశాడు. "మన గుడ్డ యాడరా?" అన్నాడు. పండగలకు కడదామని భద్రంగా దాచానని నోటికొచ్చిన అబద్ధం ఆడాను. కల్లాకపటం తెలియని పెద్దాయన, అడిగారు కదా అని అటక మీది నుంచి తెచ్చి ఆయన ముందు పరిచాడు. నాయన కూర్చుని, బొక్కల అంచులను వేళ్లతో తడిమి, వాసన చూశాడు. "గంజికి వచ్చినాయి ఎలకలు. తప్పు నాదే" అన్నాడు. నా అబద్ధానికి నన్ను తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఆయన్ని ఎక్కించుకుని దీవి దాకా పోయొచ్చాను. పోయేటప్పుడు రెండు చేతులతో పలక పట్టుకుని కూర్చున్నాడు, వచ్చేటప్పుడు ఒక చెయ్యి నీళ్లలో పెట్టాడు. దిగబోతూ అన్నాడు, "ఇంకోటి నేసి పంపిస్తా. అది కట్టినాక నన్ను మళ్లా తిప్పాల. మరిసిపోవద్దు."

మూడు నెలలకు బస్సులో మూట వచ్చింది. విప్పితే మళ్లీ అదే ఎర్ర అంచు, కానీ గుడ్డ చంటిబిడ్డ పక్కగుడ్డలా మెత్తగా చేతుల్లోంచి జారిపోయింది. గంజి లేకుండా పడుగు దారం మగ్గం మీద నిలవదు, గంజి పెట్టకుండా నెయ్యడం ఎవరి వల్లా కాదు. సెలవులకు పోయినప్పుడు అమ్మ చెప్పింది, "మూడు దినాలు బాయికాడ కాళ్లతో తొక్కి తొక్కి ఉతికినాడ్రా. నన్ను సెయ్యి పెట్టనీలా." పెట్టిన గంజిని తన కాళ్లతో తానే తొక్కి వదలగొట్టాడు, గంజి లేని గుడ్డను గడప దాటనివ్వని ఆ మనిషి.

ఆ తెరచాప కింద ఆయన్ని తిప్పాలి, అంతే కదా. కానీ ఆ ఏడు అడుగు పలకలు రెండు మార్చాల్సి వచ్చింది. పై ఏడు కొయ్య విరిగింది. కొత్త గుడ్డను కొత్త కొయ్యకే కడదామని, అంతా చక్కగా ఉన్నప్పుడే ఆయన్ని పిలుద్దామని నా పట్టుదల. మొదటిసారి తలవంపులైంది కదా, ఈసారి ఏ లోటూ ఉండకూడదు. ఇంటికి పోయినప్పుడల్లా ఆయన మగ్గం మీంచి తలెత్తి, "పడవ బాగుండాదా?" అనేవాడు. "ఇంకొంచెం పనుంది నాయనా" అనేవాణ్ణి. పాత పడవకు పని లేకపోవడం అనేది ఉండదని పెద్దాయన చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు. ఆ ఇంకొంచెం అయ్యేలోపే నాయన మంచం పట్టాడు, నెల తిరక్కుండా పోయాడు. కర్మకాండలన్నీ అయ్యాక తిరిగొచ్చి తెరచాప ఎత్తితే, అది ఒక్క గాలికే నిండుగా ఉబ్బింది. పడవలో నేనూ పెద్దాయనా ఉన్నాం.

తర్వాత నాకు మెట్ట ప్రాంతానికి బదిలీ అయింది. పడవను పెద్దాయన దగ్గరే వదిలాను, ఆయన తర్వాత కూతురు నడుపుకుంది. ఇప్పుడు సరస్సులో అన్నీ ఇంజను పడవలే, గాలి ఎటు వీస్తోందని ఎవరూ తలెత్తి చూడరు. సరస్సు సముద్రంలో కలిసే నోరు పూడిపోయి చాలాచోట్ల నీళ్లు మోకాళ్ల లోతుకు దిగాయట. నగరిలో మా వీధిలో పవర్‌లూముల మోత తప్ప మనిషి చేత్తో నేసే చప్పుడు లేదు. ఇవన్నీ తప్పని నేననను. ఆ కష్టం ఇంకొకరిని పడమనే మొహం నాకు లేదు. ఒక్కొక్కటీ పోవడం చూసి చూసి అలిసిపోయాను, అంతే.

పగలగొట్టుకోమన్నాను, తెరచాప మాత్రం పంపమన్నాను. నిన్న గోనెసంచిలో కుట్టి పంపింది. ఎర్ర అంచు వెలిసి ఇటుక రంగుకు దిగింది, గుడ్డ మాత్రం మెత్తగానే ఉంది. ఉప్పు వాసన పోతుందని, సాయంత్రం తిరుపతిలో మా మేడ మీద పరిచాను. కొండ వైపు నుంచి గాలి లేచి దాన్ని పైకెత్తింది. పట్టుకునే సత్తువ చేతుల్లో లేక, ఎగిరిపోకుండా దాని మీదే కూర్చున్నాను. చలిగాలిలో ఎంతసేపు, కిందికి రమ్మని మా ఆవిడ పిలిచింది. "ఇంకొంచెం సేపు" అన్నాను. నాయనతో అన్నదీ ఆ మాటే.