వదిన చెప్పిన ఆకాశపు మనుషుల కథ

యుద్ధం ఇంకా ముగియని రోజుల్లో మా అన్నకు ధర్మపురి పిల్లను చేశారు. వదిన పెట్టెలో చీరలతో పాటు ఒక అరవ పుస్తకం మా ఇంటికి వచ్చింది. డేరాలో ఆడిన ఒక సినిమాకు తరువాయి కథ అది. ఆట వదిలాక గుమ్మం దగ్గరే అమ్మేవారట. ఆకాశం నుంచి ఎవరో దిగి ఊళ్ళన్నీ కాల్చిపోవడంతో సినిమా అయిపోతుంది. మిగిలినవాళ్ళు మళ్ళీ ఎలా బతికారన్నది పుస్తకమట.

అప్పటిదాకా పెరియంపట్టిలో మా వీధి ఆడవాళ్ళకు కథలు చెప్పేదాన్ని నేను. పదమూడేళ్ళు నాకు. ఇంట్లో తెలుగే మాట్లాడినా చదివింది అరవబడిలో, అదీ ఐదో తరగతి దాకా. మధ్యాహ్నం అందరూ మా అరుగు మీద వేరుశెనక్కాయలు ఒలవడానికి చేరితే అవ్వ, "ఏమ్మే, కత ఎత్తుకో" అనేది. ఆ మాట కోసం పొద్దున్నించీ కాచుకునేదాన్ని. వదిన వచ్చిన పదో రోజో ఏమో, అవ్వ ఆ మాట వదినతో అంది.

వదిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అరవం చూస్తూ మా మాటల్లో చెప్పసాగింది. అంతా కాలిపోయాక పదకొండుమంది మిగిలారు. వాళ్ళలో ఒకామె కొంగున పిడికెడు రాగులు ముడివేసుకుని ఉంది. ఎద్దులు లేవు, మనుషులే కాడి మోశారు.

"బూడిదలో చల్లితే మొలుస్తాదా?" అని ఒకరు.

"వాన పడితే యేల మొలవదు?" అని మా అవ్వ.

చేతులు కాయల మీద ఆగిపోయేవి. నా కథలకు ఎవరి చేతులూ ఆగలేదు.

ఎదురింటి పిన్నమ్మ మాత్రం రోజూ ఒక్కటే అడిగేది. ఆమె భర్త పటాలంలో చేరి బర్మా వైపు పోయాడు. రెండేళ్ళుగా జాబు లేదు. "ఆ రాగులామె మొగుడు దొరికినాడా?"

వదిన పుట తిప్పి చూసేది. "ఇంకా యెతుకుతా ఉండాది అత్తా."

కథ ముందే చదివేసి, వదిన నోరు తెరిచేలోపు చెప్పేయాలని నాకు బుద్ధి పుట్టింది. ఒక పొద్దున ఆమె నీళ్ళకు పోగానే పుస్తకం తీసుకుని కొట్టం వెనక్కి పోయాను. చివరిదాకా చదివాను. అందులో రాగులామె లేదు. కాడి మోసినవాళ్ళు లేరు. తుపాకి పట్టిన ఒక కుర్రాడు, ఆకాశపు రాజుతో పోట్లాట, చివర పెళ్ళి, అంతే.

దొరికిపోయిందని మొదట సంతోషం. పుస్తకం చూసి చెబుతోందనుకున్నంత కాలం నాకొక ఊరట ఉండేది, అది నా చేతికొస్తే నేనూ చెప్పగలనని. ఇప్పుడు ఆ ఊరటా పోయింది.

ఆ మధ్యాహ్నం అందరి ముందూ అనేశాను. "ఇదేదీ పుత్తకంలో లేదు. నేను సదివినాను. అంతా వదిన అల్లిండేది."

ఎదురింటి పిన్నమ్మ నా వైపు చూసింది. "అయితే ఆమె మొగుడు?"

"మొగుడూ లేడు, ఆమే లేదు పిన్నమ్మా."

ఆమె చేటలోని కాయలు చేటలోనే వదిలేసి లేచి ఇంటికి పోయింది.

"నిన్నెవురు అడిగినారే?" అంది అవ్వ. వదిన పుస్తకం మూసి లోపల పెట్టింది.

మరునాడు కథ లేదు, ఆ తర్వాతా లేదు. అరుగు మీద కాయల చప్పుడే. నాలుగోనాడు నేనే ఒక కథ ఎత్తుకున్నాను. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఊకొట్టలేదు. సగంలో మానేశాను.

ఆ సాయంత్రం రాగులు విసురుతున్న వదిన దగ్గరికి పోయి నిలబడ్డాను.

"రాగులామె మొగుడు వస్తాడా వదినా?"

తిరగలి ఆగింది. "నాకేం తెలుసు? ఆ యత్త మొగం చూస్తే వస్తాడని చెప్పేకి నోరు రాలే. రాడని చెప్పేకీ రాలే. అందుకే యెతికిస్తా వచ్చినాను."

నేను తల వంచుకున్నాను. వదిన అంది, "రేపు నువ్వే పోయి పిలుచుకొని రా."

మరునాడు పోయాను. పిన్నమ్మ పిడకలు చరుస్తోంది.

"పిన్నమ్మా, రా. కత ఇంకా ఉండాది."

"అబద్దమంటివే?"

"అబద్దమే. అయినా ఉండాది."

చేతిలోని పిడక చరిచి, చేతులు కడుక్కుని నా వెంట వచ్చింది.

ఆ రోజు వదిన ఒళ్ళో పుస్తకం లేదు. తొలిపంట ఇంటికొచ్చిందంది. సంగటి వండారట. పదకొండుమంది తినడానికి కూర్చుంటే రాగులామె పన్నెండో ముద్ద చేసి, దాని మీద ఆకు కప్పి పక్కన పెట్టిందట. పిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. ఆమె భర్త సంగతి ఆ తర్వాత కూడా ఎన్నడూ తెలియలేదు.

అందరికంటే గట్టిగా ఊకొట్టింది నేనే. ఊకొడుతూనే, ఆ పన్నెండో ముద్ద నాకెందుకు తోచలేదని లోలోపల వదిన మీద పళ్ళు కొరుకుతున్నాను.