బీడీ తాగినంత సేపు

పాలు పోసే స్కూటర్‌కు సైలెన్సర్ పగిలితే నేనే ఇప్పబోయి, తుప్పు పట్టిన బోల్టు ఇరగ్గొట్టిన. అసొంటిదే కొత్తది తెద్దామని, ఆ ముక్క పట్టుకొని హుస్సేనీ ఆలంల బస్సెక్కిన. పక్క సీట్ల ముసలాయన నా చేతుల గాసునూనె వాసన పట్టిండు.

"బోల్టు మీద నూనె పోసి ఎంతసేపు ఆగినవ్ బేటా?"

"బీడీ తాగినంత సేపు."

ఆయన నవ్వలే. నా చేతుల ముక్క తీసుకొని బొటనవేలితో తుడిచిండు.

"ఆ తుప్పు ఎక్కనీకి ఏండ్లు పట్టింది."

"ఇంకో బోల్టుంది చాచా. అదన్న మంచిగ ఊడుతదా?"

ముక్కను నా చేతుల పెట్టి గుప్పిట మూసిండు.

"అది గూడ ఇరుగుతది. అయినా రాత్రంతా నాననియ్యి."

మూడు రాత్రులు నానబెట్టిన. ఇరిగింది. తెల్లారి స్కూటర్‌ను ఇంటికాడనే ఇడిచి, పాలక్యాన్లు సైకిల్‌కు కట్టుకున్న.

ఇప్పటికీ ఏ బోల్టు ఇప్పాలన్నా, ఇరుగుతదని తెలిసినా, నూనె పోసి ఒక రాత్రి ఆగుత.